బండి విప్పి మూడేళ్లయింది, షెడ్డు తాళం తీయబుద్ధి కావట్లేదు

ప్రశ్న: మా నాన్నగారు వాడిన 1972 అంబాసిడర్ మార్క్ 2 నా దగ్గరుంది. ఆయన పోయాక, మూడేళ్ల కిందట, పూర్తిగా బాగు చేయిద్దామని మొదలుపెట్టాను. ఉత్సాహం కొద్దీ రెండు నెలల్లో మొత్తం విప్పేశాం. ఇంజిన్ బ్లాకు విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో ఉంది. బాడీ టింకరింగ్ సగంలో ఆగి ప్రైమర్ మీద ఉంది, దాని మీద మళ్లీ తుప్పు మచ్చలు లేస్తున్నాయి. సామాన్లు కొన్ని షెడ్డులో, కొన్ని ఇంట్లో మంచం కింద. ఖర్చు అనుకున్నదానికి రెట్టింపయింది. ఆదివారం వస్తే షెడ్డు తాళం తీయబుద్ధి కావట్లేదు. మా ఆవిడ తూకానికి అమ్మేయమంటోంది. ఆసక్తి నిలబెట్టుకోవడం ఎలా? వదిలేయడమే మంచిదా?
తెనాలి నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీరు ఆసక్తి గురించి అడిగారు గానీ, తేడా వచ్చింది పని వరసలో. ఆసక్తే పోయి ఉంటే ప్రైమర్ మీద మచ్చలు మీ కంట పడేవి కావు. ఇంజిన్, బాడీ, బ్రేకులు, వైరింగ్, సీట్లు అన్నీ ఒకేసారి తెరిచారు, ఒక్కటీ మూయలేదు. అలాంటి షెడ్డులో నాలుగు గంటలు చెమటోడ్చినా సాయంత్రానికి "ఇది అయిపోయింది" అని చేతులు కడుక్కునే వీలుండదు. అలా నాలుగు ఆదివారాలు గడిస్తే ఎవరికైనా కాళ్లు అటు పడవు. పాత బండ్ల పని మధ్యలో ఆగిపోయేది చాలావరకు ఇక్కడే. విప్పడం రెండు నెలల పని కాబట్టి బిగించడం ఓ ఆరు నెలలనుకుంటారు, అదీ ఒక కారణం.

కాబట్టి ముందు గంటల లెక్క వేసుకోండి. అంబాసిడర్‌కి జీపులా విడి ఛాసిస్ లేదు. నేల రేకు, డోర్ల కింద పొడుగ్గా ఉండే సిల్, క్రాస్ మెంబర్లు కలిసి బరువు మోస్తాయి. తుప్పు పట్టేది కూడా సరిగ్గా అక్కడే. అలాంటి బండిని పూర్తిగా బాగు చేయడానికి వెయ్యి గంటలు అనుకోవడం అతి అంచనా కాదు. ఆదివారానికి 5 గంటలు, పెళ్లిళ్లూ పండగలూ పోను ఏడాదికి 45 ఆదివారాలు అంటే 225 గంటలు. వెయ్యి గంటలకు నాలుగేళ్లు దాటుతుంది. మూడేళ్లయినా కాలేదంటే మీరు బద్ధకస్తులని కాదు. మొదట్లోనే ఎవరూ ఈ లెక్క మీకు చెప్పలేదు, అంతే.

అన్నిటికంటే ముందు, చేసిన పని పాడవకుండా ఆపాలి. వెనక్కి పోతున్న పనిలాగా మనిషిని కుంగదీసేది మరోటి లేదు. మామూలు ప్రైమర్, పుట్టీ రెండూ నీటిని పీలుస్తాయి. ప్రైమర్ ఉన్నది పై రంగుకి పట్టు ఇవ్వడానికి; చెమ్మను అడ్డుకోవడం దాని వల్ల కాదు. మీ వైపు గాలిలో తేమకి ఒక్క వర్షాకాలం చాలు, కింద రేకు మళ్లీ ఎర్రబడుతుంది. మచ్చ ఉన్న ప్రతి చోటా 80 నంబరు గరుకు కాగితంతో తెల్ల రేకు కనిపించేదాకా గీకండి. గుంటల్లో మిగిలిన తుప్పుకి ఫాస్ఫారిక్ ఆసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ రాసి, డబ్బా మీద చెప్పిన సమయం అయ్యాక కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ఆసిడ్ మిగిలిపోతే దాని మీద వేసే ప్రైమర్ పట్టుకోదు, పొరలా లేచిపోతుంది. తర్వాత రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు. ఇది చెమ్మను బాగా ఆపుతుంది, ఎండకి మాత్రం సుద్దలా అవుతుంది కాబట్టి బాడీ నీడలోనే ఉండాలి. పైన ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పకండి, లోపల చెమ్మ బిందువులు పడతాయి. పాత కాటన్ దుప్పట్లు మేలు. ఏడాది తర్వాత రంగుకి వెళ్లినా 320 కాగితంతో గరుకు చేసి మొదలుపెట్టొచ్చు. ఇక్కడికి బాడీని మర్చిపోండి. అది ఎదురుచూడగలదు.

తర్వాత రెండు ఆదివారాలు స్పానర్ ముట్టుకోకండి. ఇంట్లో మంచం కింద ఉన్నవాటితో సహా సామాన్లన్నీ ఒక్క చోట పరిచి లిస్టు రాయండి. మూడు నిలువు వరసలు: బాగుంది, బాగు చేయాలి, లేదు. ఈ విషయంలో మీ ఆవిడ పక్షమే న్యాయం. బంపరు ఉండాల్సింది మంచం కింద కాదు. ఒక్కో పనికి ఒక్కో మూత డబ్బా పెట్టుకోండి: ముందు సస్పెన్షన్ ఒకటి, వెనక యాక్సిల్ ఒకటి, బ్రేకులు ఒకటి, డాష్‌బోర్డు ఒకటి, నాలుగు డోర్లకి నాలుగు. డోర్ల సామాన్లు ఒకే డబ్బాలో వేస్తే ఏ హ్యాండిల్ ఎటుదో తేల్చుకోవడానికే ఓ పూట పోతుంది. కవర్ మీద మార్కర్‌తో రాసిన పేరు ఆయిల్ తగిలితే చెరిగిపోతుంది, అందుకే పెన్సిల్‌తో రాసిన చీటీ ఒకటి కవర్ లోపల కూడా వేయండి. ముందు చక్రాలకి స్ప్రింగుల్లా పనిచేసే టార్షన్ బార్లకి కుడి, ఎడమ గుర్తు తప్పనిసరి. ఏళ్ల తరబడి ఒక వైపు మెలిపడ్డ బార్‌ని రెండో వైపు వేస్తే విరిగే ప్రమాదం ఉంది.

లిస్టు రాసేటప్పుడే నట్లు, బోల్టులు చూడండి. మార్క్ 2లో ఎక్కువ భాగం యు.ఎన్.ఎఫ్. మరలు, అంటే అంగుళాల లెక్కలో ఉండే సన్న మరలు, వాటికి అంగుళాల స్పానర్లు. 5/16 అంగుళాల బోల్టు 7.94 మిల్లీమీటర్లు, ఎం8 బోల్టు 8 మిల్లీమీటర్లు. చేతిలో రెండూ ఒకేలా ఉంటాయి. మర వేరు కాబట్టి ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, కుర్రాడు పట్టదేమని పొడుగు రాడ్డు వేసి తిప్పుతాడు, బ్లాకులో మర చెడుతుంది. 1/2 అంగుళం నట్టుకి 13 స్పానర్ వేసినా అంతే. నట్టు 12.7, స్పానర్ 13, ఆ కాస్త వదులుకే మూలలు అరిగి గుండ్రమవుతాయి. 7/16, 1/2, 9/16, 5/8 స్పానర్లు, సాకెట్లు ఒక మంచి సెట్టు కొనుక్కోండి. విసుగు పుట్టించే ఆదివారాల్లో చాలా భాగం ఇలాంటి చోటే మొదలవుతుంది.

ఇప్పుడు ఇంజిన్. మీ మొదటి గమ్యం ఇదే: బండికి రంగు లేకపోయినా సరే, ఇంజిన్ స్టార్ట్ కావాలి. ఇంజిన్ ఒకసారి పలికితే ఆ బాడీని చూసే కన్నే మారుతుంది, ఇంట్లో వాళ్లకి కూడా. పైగా అంబాసిడర్‌లో సులువుగా తెమిలే భాగం ఇదే. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బి.ఎం.సి.) వారి 1489 సీసీ బి-సిరీస్ ఇంజిన్ మార్క్ 2 తర్వాత వచ్చిన మోడళ్లలోనూ ఏళ్ల తరబడి నడిచింది కాబట్టి సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి. బ్రిటన్‌లో ఎం.జి.ఏ. 1500 స్పోర్ట్స్ కారుకి వేసింది కూడా ఈ కుటుంబం ఇంజినే, ఇదే కొలత. అందుకే దాని గురించి రాసిన పుస్తకాలు, బొమ్మలతో సహా, ఎక్కడైనా దొరుకుతాయి.

లేత్ షాపుకి వెళ్లి బ్లాకు పరిస్థితి చూడండి. బోర్ చేయకుండా, అంటే పిస్టన్లు ఆడే రంధ్రాల్ని ఇంకా పెద్దవి చేయకుండా, ఊరికే పడి ఉంటే సగం నయం. అసలు బోర్ 73.025 మిల్లీమీటర్లు. పిస్టన్లు 10, 20, 30, 40 సైజుల్లో, అంటే అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన పెద్దవి వస్తాయి. ముందు పిస్టన్లు కొని చేతికివ్వండి, ఆ పిస్టన్ కొలిచి బోర్ చేయమనండి. బోర్ చేశాక పిస్టన్ వెతికితే ఆ సైజు దొరక్క బ్లాకు మళ్లీ మూల పడుతుంది. ఇలా ఆగిపోయే ఇంజిన్లు చాలానే ఉంటాయి. 40 దాటితే లైనర్లు, అంటే రంధ్రంలో కొత్త గొట్టాలు, వేయించాలి. క్రాంక్ గ్రైండింగ్ సంగతీ ఇంతే, బేరింగులు ఏ సైజువి దొరుకుతాయో తేలాకే రాయి పెట్టాలి. ఎలాగూ షాపుకి వెళ్తున్నారు కాబట్టి హెడ్డు కూడా ఇచ్చి ఎగ్జాస్ట్ వాల్వులకి గట్టి సీట్లు వేయించేయండి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. అంతకు ముందు పెట్రోల్లో సీసం వాల్వుకీ సీటుకీ మధ్య మెత్తలా పనిచేసేది. అది లేనప్పుడు మామూలు పోత ఇనుప సీటు అరిగి వాల్వు లోపలికి దిగుతుంది.

బోర్ అయిన బ్లాకు ఇంటికొచ్చిన రోజే బోర్లకి ఇంజిన్ ఆయిల్ దట్టంగా రాయండి. కొత్త బోర్‌కి వారంలో తుప్పు పొర వస్తుంది. బిగించేటప్పుడు వాల్వుల్ని తెరిపించే క్యామ్‌కి, దాని మీద ఆనే ట్యాపెట్లకి అసెంబ్లీ గ్రీజు పెట్టాలి. వాల్వు సందులు సర్దడానికి తొమ్మిది లెక్క గుర్తుంచుకోండి: 1వ వాల్వు సర్దేటప్పుడు 8వది పూర్తిగా తెరుచుకుని ఉండాలి, 2కి 7, 3కి 6, 4కి 5. ఏ జంట కలిపినా 9. ఫైరింగ్ వరస 1-3-4-2.

అయితే ఇంజిన్‌ని బండిలోకి దింపే ముందు ఇంజిన్ బే, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ కూర్చునే చోటికీ మధ్య రేకు గోడ), కింది భాగం రంగు పూర్తి కావాలి. ఇంజిన్ కూర్చున్నాక అక్కడికి చెయ్యి పోదు. బయటి రంగు మాత్రం అప్పుడు వద్దు. చాలామంది బయట తళతళలాడే రంగు ముందు వేయిస్తారు, చూడ్డానికి పని అయినట్టే ఉంటుంది. తర్వాత ఇంజిన్ ఎక్కించేటప్పుడు చైన్ తగిలి ఫెండర్ మీద గీత, బ్రేక్ ఆయిల్ చిందితే రంగు బొబ్బలెక్కడం. బ్రేక్ ఆయిల్ రంగుని తినేస్తుంది, తుడిచేలోపే. కింది భాగం, ఇంజిన్, గేర్‌బాక్సు, బ్రేకులు, వైరింగ్, ఆ తర్వాతే బయటి రంగు. ఈ వరసలో బండి ప్రైమర్‌లోనే తన కాళ్ల మీద తాను కదులుతుంది.

స్టార్ట్ చేసే రోజుకి పెట్రోలు ట్యాంకు అక్కర్లేదు. లీటరు డబ్బా, కొత్త పైపు, బ్యాటరీ, కాయిల్, రేడియేటర్ నిండా నీళ్లు, పక్కన మంటలార్పే సిలిండర్. ఎర్త్ ఏ వైపో చూసి బ్యాటరీ కలపండి. పాత బ్రిటిష్ పద్ధతిలో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి కలపడం, ఉండేది, మధ్యలో ఎవరు ఏం మార్చారో చెప్పలేం. ముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ గేజి ముల్లు లేచేదాకా స్టార్టర్ కొట్టండి, మధ్య మధ్యలో ఆపుతూ. ముల్లు లేవకపోతే పంపులో గాలి ఉంది. అలాగే స్టార్ట్ చేశారో, కొత్త బేరింగులు గోవిందా. క్యామ్, ట్యాపెట్లు కొత్తవైతే స్టార్టవగానే 2000 ఆర్‌పీఎం దగ్గర 20 నిమిషాలు ఉంచండి. ఐడిలింగ్‌లో క్యామ్ మీదికి చిమ్మే ఆయిల్ చాలదు, ట్యాపెట్ మొహాలు అరిగిపోతాయి.

పెట్రోలు గురించి ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 1972 నాటి రబ్బరు పైపు, పంపు డయాఫ్రమ్, కార్క్ ప్యాకింగులు దానికి మెత్తబడి ముక్కలవుతాయి. ఇథనాల్ తట్టుకునే పైపులు, కొత్త డయాఫ్రమ్ కిట్ వేయండి. ఇథనాల్ గాల్లో తేమను కూడా పీలుస్తుంది కాబట్టి బండి నెలల తరబడి ఆగేట్టుంటే ట్యాంకులో పెట్రోలు వదలొద్దు.

బ్రేకులు నాలుగూ డ్రమ్ములే, నేర్చుకుని చేసుకోగల పని. వీల్ సిలిండర్ లోపల వేలు పెట్టి చూస్తే గుంటలు తగిలాయా, అది మార్చాల్సిందే. రబ్బరు కొత్తది వేసినా కారుతుంది. రబ్బర్లని పెట్రోలుతోగానీ కిరసనాయిలుతోగానీ కడగొద్దు, ఉబ్బి సిలిండర్లో ఇరుక్కుంటాయి. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలు: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి. రెండు మూడు ఆదివారాల్లో ముగిసిపోతుంది. మీకిప్పుడు కావాల్సింది ఇలా ముగిసే పనులే.

టింకరింగ్ దగ్గర మనుషుల వ్యవహారం ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. మీ బాడీ సగంలో ఎందుకు ఆగిందో ఊహించడం కష్టం కాదు. షెడ్డుకి రోజూ గుద్దుకున్న కార్లు వస్తాయి, నాలుగు రోజుల్లో పని, వెంటనే డబ్బు. పాత బండి నెలల తరబడి చోటు ఆక్రమిస్తుంది, మీరిచ్చిన అడ్వాన్సు ఎప్పుడో ఖర్చయిపోయింది. మేస్త్రికి కోపం లేదు, తొందరా లేదు. మొత్తం పనికి ఒక్క రేటు మాట్లాడుకుంటే ఇలాగే అవుతుంది. ముక్కలుగా విడగొట్టి కాగితం మీద రాసుకోండి: ఎడమ నేల రేకు, ఎడమ సిల్ ఇంత, కుడివి ఇంత, డిక్కీ నేల, స్పేర్ వీల్ గుంట ఇంత, డోర్ల అడుగులు ఇంత. ఒక ముక్క అయ్యాక, ప్రైమర్ కొట్టకముందు మీరు చూడాలి, అప్పుడు ఆ ముక్క డబ్బులు. అడ్వాన్సు ఆ ఒక్క ముక్కకి సరిపడా రేకు, గ్యాసు ఖర్చు మించొద్దు. శనివారం సాయంత్రం వెళ్లడం అలవాటు చేసుకోండి. వెళ్లి అరవక్కర్లేదు, కనబడితే చాలు. క్రోమ్ సామాను, లైట్లు, బ్యాడ్జీలు అక్కడ వదలకండి.

పనిలో రెండు విషయాలు మీరే దగ్గరుండి చూడాలి. సిల్ కోసేముందు డోరు ఖాళీలో అడ్డంగా యాంగిల్ ముక్కలు వెల్డింగ్ పెట్టాలి, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు కోయాలి. అలా చేయకపోతే బాడీ మధ్యలో కుంగుతుంది. తెలిసేది రంగు అయ్యాక, డోరు పడనప్పుడు. రెండోది, నేలకి 18 గేజి రేకు వేసి చుట్టూ పూర్తిగా వెల్డ్ చేయించండి, మిగ్ వెల్డింగ్ (కరెంటుతో, తీగ దానంతటదే వచ్చే రకం) అయితే మంచిది, కొంచెం కొంచెంగా చోటు మారుస్తూ. గ్యాస్ వెల్డింగ్ వేడికి పల్చటి రేకు అలలు తిరుగుతుంది, ఆ అలల్ని పుట్టీతో నింపుతారు. పుట్టీ 3 మిల్లీమీటర్లు మించిందంటే ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది. జేబులో ఫ్రిజ్ మ్యాగ్నెట్ ఒకటి పెట్టుకెళ్లండి, అది అంటుకోని చోట మేస్త్రిని అడగండి.

ఏ పని ఏ కాలంలో అన్నది కూడా ఉత్సాహాన్ని మింగేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం పని పెట్టుకుంటే రెండో వారానికే మానేస్తారు. ఆరింటికి మొదలుపెట్టి పదింటికి తాళం వేసేయండి. వానాకాలంలో రంగు పని వద్దు, తేమకి రంగు తెల్లబారుతుంది. పెయింటింగు డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య. వానలప్పుడు బల్ల మీద చేసుకునేవి పెట్టుకోండి: వైపర్ మోటారు, హారను, డోరు లాకులు, కార్బురేటర్.

కార్బురేటర్‌నే తీసుకోండి. మార్క్ 2కి వచ్చే ఎస్.యు. రకం కార్బురేటర్ ఒక వాన సాయంత్రానికి సరిపడా పని, పూర్తయితే చేతిలో పట్టుకుని చూసుకోవచ్చు. పైన గంట లాంటి డ్యాష్‌పాట్ స్క్రూలు తీస్తే వస్తుంది, తీసేముందు అది ఏ దిక్కున ఉందో గీత గీయండి. లోపలి పిస్టన్, ఆ డ్యాష్‌పాట్ జతగా తయారైనవి. వేరే కార్బురేటర్ నుంచి ఒక్కటే తెచ్చి వేస్తే పట్టుకుంటుంది. రెండింటినీ పెట్రోలుతో తుడవడమే, కాగితం పెట్టి రుద్దకూడదు. నీడిల్ వంగిందేమో గాజు పలక మీద దొర్లించి చూడండి. తిరిగి బిగించాక వేలితో పిస్టన్ పైకెత్తి వదిలితే అడుగున "టక్" మని చప్పుడుతో పడాలి. చప్పుడు రాకపోతే నీడిల్ జెట్‌కి, అంటే అది దిగే పెట్రోలు రంధ్రానికి, రాసుకుంటోంది, జెట్ మధ్యకి రావాలి. పైన పల్చటి ఆయిల్, ప్లంజర్ దించితే చివర్లో బిగువు తగిలేంత. అయ్యాక కవర్లో చుట్టి డబ్బాలో పెట్టేయండి. లిస్టులో ఒక వరస కొట్టేయొచ్చు.

రోజు పనికి కొన్ని అలవాట్లు. ఒకే డబ్బా తెరవాలి. అది మూసేదాకా రెండోది ముట్టొద్దు. సామాను రాక ఆ పని ఆగితేనే మినహాయింపు, అప్పుడు కూడా ఏ సామాను కావాలో చీటీ రాసి ఆ డబ్బా మీదే అతికించండి. లేచే ఇరవై నిమిషాల ముందు పని ఆపి, వచ్చే వారం వేయబోయే మొదటి బోల్టు, దాని స్పానర్ బల్ల మీద పెట్టి వెళ్లండి. షెడ్డులోకి రాగానే "ఎక్కడ మొదలుపెట్టాలి" అని నిలబడిపోయే పావుగంటే మనిషిని వెనక్కి పంపేది. బిగుసుకున్న బోల్టుతో అరగంటకి మించి కుస్తీ పట్టొద్దు. పెనిట్రేటింగ్ ఆయిల్ పోసి వదిలేయండి, వారం ఆగితే అదే కదలొచ్చు. కోపంలో విరిచిన స్టడ్డు తీయించడానికి మళ్లీ లేత్ షాపు, మళ్లీ నెల.

డబ్బు విషయంలో, ఇప్పటిదాకా పెట్టింది పక్కన పెట్టి ఇక మీదట నెలకి ఇంత అని ఒక్క అంకె వేసుకోండి, దాని వెలుపల రూపాయి తీయొద్దు. అన్నీ ముందే కొనాల్సిన పని లేదు. బేరింగులు, రింగులు కొలతలు తేలాక. అద్దాల రబ్బర్లు, డోరు బీడింగులు అన్నిటికంటే చివర్న, ఎందుకంటే కొని రెండేళ్లు అటక మీద పెడితే అవే పగిలిపోతాయి. మార్క్ 2 గ్రిల్లు, బ్యాడ్జీలు, డాష్‌బోర్డు మీటర్లు మాత్రం కనిపించినప్పుడే తీసుకోవాలి. మార్క్ 2 బండ్లు 1962 నుంచి 1975లో మార్క్ 3 వచ్చేదాకానే తయారయ్యాయి, వాటి గళ్ల గ్రిల్లు తర్వాతి మోడళ్లకి లేదు. ఉత్తరపారా కార్ఖానాలో 2014 మేలో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది కాబట్టి ఇక పాత సామానులో వెతుక్కోవడమే. కోల్‌కతా మల్లిక్ బజార్, చెన్నై పుదుపేట ఇందుకు పేరున్న చోట్లు. ఫొటో, కొలతలు లేకుండా ఫోన్లో బేరం ఆడొద్దు; మార్క్ 3ది పంపి ఇదే అంటారు.

కాగితాలు ఇప్పుడే మొదలుపెట్టండి, బండి అయ్యాక కాదు. ఆర్‌సీ నాన్నగారి పేరున ఉంటే, యజమాని మరణించాక పేరు మార్పుకి ఫారం 31. పాత పుస్తకం ఆర్‌సీ వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కి ఉన్నాయో లేదో రవాణా కార్యాలయంలో కనుక్కోండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు పెన్సిల్ ప్రింటు రంగు వేయకముందే తీసుకోండి. ఆ అంకెల మీద పుట్టీ పూసి రంగు కొట్టేసి, తనిఖీ రోజు గీకుతూ కూర్చోవడం అరుదేం కాదు. 50 ఏళ్లు దాటిన బండ్లకి 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది: 'వి.ఏ.' అక్షరాల నంబరు, పదేళ్ల గడువు, కొత్తగా 20,000 రూపాయలు, తర్వాత పొడిగింపుకి 5,000. కానీ అది తీసుకున్న బండిని ప్రదర్శనలకి, ర్యాలీలకి, రిపేరుకి, పెట్రోలుకి తప్ప రోజువారీ తిరగడానికి వాడకూడదు. పైగా ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. ఆదివారం గుంటూరు దాకా వెళ్లి రావాలన్నదే మీ కోరికైతే మామూలు ఆర్‌సీనే తనిఖీ చేయించి ఐదేళ్లకి పొడిగించుకోవడం మేలు. ఈ రెంటిలో ఏదో ముందే తేల్చుకుంటే, వేరే ఇంజిన్ వేద్దామా అన్న ప్రశ్నకి జవాబు కూడా దొరుకుతుంది.

ఇక అమ్మేయాలా అన్నది. మూడు చూడండి. సీటు కింద టార్షన్ బార్లు పట్టుకుని ఉండే క్రాస్ మెంబరు, రెండు సిల్‌లు పూర్తిగా తినేసి ఉన్నాయా? ఛాసిస్ నంబరు చదవలేనంతగా పోయిందా, ఆర్‌సీతో కలవడం లేదా? బండి పెట్టుకోవడానికి ఇంకో నాలుగేళ్లు నీడ ఉండదా? ఇందులో రెండిటికి "అవును" అయితే అమ్మడమే తెలివి, సిగ్గుపడాల్సింది లేదు. ఒకటే అయితే గమ్యం తగ్గించండి. ప్రదర్శనకి వెళ్లే బండి కాకపోయినా రోడ్డు మీద భద్రంగా తిరిగే బండి అయితే చాలదా? క్రోమ్ పాతదే, సీట్లు కుట్టించినవే, బ్రేకులు మాత్రం కొత్తవి. ఇలా అనుకుంటే మిగిలిన గంటలు సగానికి పడిపోతాయి.

అమ్మినా తూకానికి మాత్రం వద్దు. విప్పిన కుప్పగా చూపిస్తే ఎవరైనా ఇనుము ధరే చెబుతారు. ఎపాక్సీ కొట్టిన బాడీ, బోర్ అయిన బ్లాకు, దానికి సరిపడా పిస్టన్లు, పేర్లు రాసిన డబ్బాలు, పేజీలకొద్దీ లిస్టు, మీ పేరు మీదికి మారిన ఆర్‌సీ ఉంటే కొనేవాడు వేరే మనిషి, ధర వేరే. కాబట్టి ఉంచుకున్నా అమ్మినా వచ్చే ఆరు నెలల పని ఒకటే: ఎపాక్సీ, లిస్టు, ఇంజిన్, కాగితాలు. ఇంజిన్ స్టార్టయిన మరుసటి వారం కూర్చుని మాట్లాడుకోండి, మీ ఆవిడతో కలిసే.